ఊరకుండిన తండ్రి, నిలిచిన మాట: అమెరికన్ క్రైస్తవ కోర్ట్‌షిప్ రచనల్లో కుమార్తె వాక్కు

వ్యాససంగ్రహం

అమెరికాలోని సంప్రదాయవాద ఇవాంజెలికల్ క్రైస్తవ కుటుంబాల్లో 1990ల నుంచి ‘కోర్ట్‌షిప్’ పేరుతో ఒక వివాహపూర్వ విధానం విస్తృత ప్రచారం పొందింది. యువతిని పెండ్లి ఉద్దేశంతో పలకరించదలచిన యువకుడు ముందుగా ఆమె తండ్రి అనుమతి పొందడం, ఆ తరువాతి పరిచయమంతా కుటుంబ పర్యవేక్షణలో సాగడం ఈ విధానపు ప్రధాన లక్షణాలు. దీనిని సమర్థించిన రచనలనూ, దానిలో పెరిగిన కుమార్తెలు తరువాత వెలువరించిన రచనలనూ ఎదురెదురుగా ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వివాదం పైకి వరుని ఎంపికకు సంబంధించినదిగా కనిపించినా, దాని మూలం కుమార్తె మాటకు స్వతంత్రమైన చెల్లుబాటు ఉన్నదా అన్న ప్రశ్నలో ఉందని ప్రతిపాదిస్తుంది. ఈ ప్రతిపాదనకు సంఖ్యాకాండం 30వ అధ్యాయ పఠనం కేంద్రం.

కీలక పదాలు: కోర్ట్‌షిప్, పితృస్వామ్యం, ఇవాంజెలికల్ సాహిత్యం, సంఖ్యాకాండం, మ్రొక్కుబడి, స్త్రీ ఆత్మకథనం, తెలుగు బైబిలు అనువాదం

1. ఉపోద్ఘాతం

‘మౌనం అర్ధాంగీకారం’ అన్నది తెలుగువారికి చిరపరిచితమైన నానుడి. పెండ్లి మాటల సందర్భంలో దీనిని ఎక్కువగా అన్వయించేది కన్యకే. ఆమె తల వంచుకొని నిలబడితే సమ్మతించినట్లే లెక్క. బైబిలు పాత నిబంధనలోని సంఖ్యాకాండం 30వ అధ్యాయంలో మౌనానికి ఇంతకన్న భిన్నమైన, మరింత బలమైన విలువ కనిపిస్తుంది. అక్కడ ఊరకుండేది తండ్రి. కుమార్తె దేవునికి మ్రొక్కుకొన్న సంగతి విని తండ్రి ఊరకుంటే ఆమె మ్రొక్కుబడి నిలుస్తుంది. విన్న దినముననే ఆయన కాదంటే అది చెల్లదు. మాట ఆమెది, దానికి ప్రాణం పోసేది, తీసేది ఆయన.

ఇరవయ్యో శతాబ్ది చివరి దశకంలో అమెరికన్ ఇవాంజెలికల్ వర్గాల్లో బలపడిన కోర్ట్‌షిప్ ఉద్యమం ఈ అధ్యాయాన్ని తన ఆధారాల్లో ఒకటిగా స్వీకరించింది. ఈ ఉద్యమంపై ఇంతవరకు వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం లైంగిక పవిత్రతా బోధ కలిగించిన అపరాధభావంపై కేంద్రీకృతమైంది. లిండా కే క్లైన్ ‘ప్యూర్’ (2018) ఈ కోవకు చెందినది. క్యాథరిన్ జాయ్స్ ‘క్వివర్‌ఫుల్’ (2009) ఉద్యమపు సంస్థాగత రూపాన్ని పాత్రికేయ దృష్టితో పరిశోధించింది. ఈ రెండు దారులూ విలువైనవే. అయితే ఈ ఉద్యమం ప్రధానంగా పుస్తకాల ద్వారా, ప్రసంగాల ద్వారా, ప్రతిజ్ఞాపత్రాల ద్వారా వ్యాపించింది. కనుక దాని భాషను సాహిత్య విమర్శకు లోను చేయడం అవసరం. ఎవరు మాట్లాడతారు, ఎవరి మాట ఎవరి అనుమతితో నిలుస్తుంది అన్నదే ఈ పరిశీలనకు ప్రధాన ప్రశ్న.

2. కోర్ట్‌షిప్: పదం, పరిధి, చరిత్ర

తెలుగులో కోర్ట్‌షిప్‌కు సమానార్థకం దొరకదు. ఇందులో ఇద్దరి మధ్య కొంతకాలం సాగే పరిచయం ఉంది కాబట్టి ఇది పెండ్లిచూపులు కాదు. మనసు విప్పడానికి ముందే పెద్దల అనుమతి కావాలి కాబట్టి ప్రేమ వివాహమూ కాదు. పెండ్లి నిశ్చయమైనట్లు కాదు కాబట్టి తెలుగు క్రైస్తవులు ‘ప్రధానం’ అని వ్యవహరించే నిశ్చితార్థమూ కాదు. అందువల్ల ఈ వ్యాసం ఆ మాటనే యథాతథంగా వాడుతుంది.

ఉద్యమానికి మూడు పాయలను గుర్తించవచ్చు. మొదటిది బిల్ గోథార్డ్ స్థాపించిన ‘ఇన్‌స్టిట్యూట్ ఇన్ బేసిక్ లైఫ్ ప్రిన్సిపుల్స్’ బోధ. కుటుంబంలోని అధికార క్రమాన్ని ఒక గొడుగు కింద మరొక గొడుగుగా చూపే చిత్రం ఈ సంస్థకు గుర్తుగా మారింది. 1984లో ప్రారంభమైన దాని గృహవిద్యా పాఠ్యక్రమం ఈ బోధను వేలాది ఇళ్ళలోకి చేర్చింది. రెండవది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో కేంద్రంగా డగ్ ఫిలిప్స్ నడిపిన ‘విజన్ ఫోరమ్’. పెండ్లి చేసి పంపేవరకు కుమార్తె తండ్రి అధికారంలోనే ఉంటుందని ఈ సంస్థ సిద్ధాంతీకరించింది. మూడవది వీటికన్న విశాలమైన పవిత్రతా ఉద్యమం. 1993లో సదరన్ బాప్టిస్టులు ప్రారంభించిన ‘ట్రూ లవ్ వెయిట్స్’లో యువతీయువకులు ప్రతిజ్ఞాపత్రాలపై సంతకాలు చేశారు. 1994లో వాషింగ్టన్‌లో రెండు లక్షలకు పైగా అటువంటి పత్రాలను ప్రదర్శించారు. 1998లో కొలరాడో స్ప్రింగ్స్‌లో మొదలైన ‘ప్యూరిటీ బాల్’ విందుల్లో, కుమార్తె పవిత్రతను కాపాడతామన్న ప్రమాణపత్రంపై తండ్రులే సంతకాలు చేశారు. మొదటి సందర్భంలో సంతకం యువతిది. రెండవ సందర్భంలో ఆమెను గురించి తండ్రి చేసినది. అయిదేళ్ళ వ్యవధిలో కలం చేతులు మారింది.

ఈ విధానాన్ని సమర్థించినవారు దానిని డేటింగ్‌కు పూర్వపు అమెరికన్ సంప్రదాయానికి పునరుద్ధరణగా చెప్పుకొన్నారు. చరిత్ర ఈ వాదాన్ని పూర్తిగా బలపరచదు. బెత్ బెయిలీ ‘ఫ్రమ్ ఫ్రంట్ పోర్చ్ టు బ్యాక్ సీట్’ (1988)లో చూపినట్లు, డేటింగ్‌కు ముందు మధ్యతరగతిలో ఉన్నది యువకుడు ఇంటికి వచ్చి పలకరించే పద్ధతి. అతనిని ఆహ్వానించే అధికారం తల్లిది, కొంత వయసు వచ్చాక యువతిది. ముందుగది స్త్రీల ఏలుబడిలోని స్థలం. డేటింగ్ వచ్చాక ఆ పరిచయం బయటి వినోద స్థలాలకు, పురుషుని ఖర్చులోకి మారింది. కోర్ట్‌షిప్ రచయితలు తిరిగి నిలబెట్టామన్న వ్యవస్థలో తల్లి స్థానం కుంచించుకుపోయి తండ్రి ఒక్కడే ద్వారపాలకుడైనాడు. ఇది పాత ఇంటికి తిరిగి వెళ్ళడం కాదు. పాత ఇంటి పేరుతో కట్టిన కొత్త ఇల్లు.

పెద్దలు కుదిర్చిన పెండ్లితో దీనిని సమీకరించడం కూడా తెలుగు పాఠకుడు చేయగల పొరపాటు. మన కుటుంబాల్లో పెండ్లి నిర్ణయం కులం, బంధువర్గం, మేనరికం, కట్నం వంటి అనేక శక్తుల సంధిలో జరుగుతుంది. తండ్రి అందులో ముఖ్యుడే కాని ఏకైక కర్త కాడు. ఈ ఉద్యమంలోని తండ్రి తన అధికారాన్ని బంధువర్గం నుంచి కాక నేరుగా లేఖనం నుంచి పొందినట్లు భావిస్తాడు. ఆయనను ప్రశ్నించడమంటే లేఖనాన్నే ప్రశ్నించడమవుతుంది. కుదిర్చిన పెండ్లిని కాదన్న ఆడపిల్ల కుటుంబం ముందు దోషి. ఇక్కడి కుమార్తె దేవుని ముందు దోషి.

3. సంఖ్యాకాండం 30: మూడు హద్దులు

సంఖ్యాకాండం 30వ అధ్యాయం మ్రొక్కుబడుల చట్టం. పురుషుడు మ్రొక్కుకొంటే నెరవేర్చవలసిందే. తండ్రి ఇంట ఉన్న కన్య మ్రొక్కును తండ్రి, వివాహిత మ్రొక్కును భర్త రద్దు చేయవచ్చు. విధవ, విడనాడబడిన స్త్రీ చేసిన మ్రొక్కులు మాత్రం ఎవరి మౌనంతోనూ పని లేకుండా నిలుస్తాయి. పురుషుని నష్టమే స్త్రీ మాటకు స్వాతంత్ర్యం ఇవ్వడం ఈ చట్టంలోని వైచిత్రి.

ప్రాచీన సమాజపు చట్టంగా ఈ అధ్యాయంలో స్పష్టమైన హద్దులు ఉన్నాయి. మొదటిది విషయానికి సంబంధించినది: ఇది దేవునికి చేసిన మ్రొక్కులకూ, తనపై తాను విధించుకొన్న నియమాలకూ వర్తిస్తుంది. రెండవది కాలానికి సంబంధించినది: తండ్రి విన్న దినముననే కాదనాలి. ఆ రోజు గడిస్తే ఆయన అధికారం కూడా గడిచిపోతుంది. మూడవది వయసుకు సంబంధించినది: ఆ కన్య బాల్యదశలో తండ్రి ఇంట ఉన్నదని అధ్యాయం స్పష్టంగా చెబుతుంది.

కోర్ట్‌షిప్ రచనల్లోని అన్వయం ఈ మూడు హద్దులనూ చెరిపివేస్తుంది. మ్రొక్కుబడికి చెందిన నియమం స్నేహం, చదువు, ఉద్యోగం, ప్రేమ వంటి సమస్త నిర్ణయాలకూ విస్తరిస్తుంది. ఒక దినపు అధికారం పెండ్లి వరకు సాగే నిరంతర అధికారమవుతుంది. బాల్యానికి చెప్పినది ఇరవై అయిదేళ్ళ యువతికీ వర్తిస్తుంది. లేఖనాన్ని అక్షరార్థంలో తీసుకొంటామని చెప్పుకొనే పఠన సంప్రదాయం, తన వాదానికి ఆయువుపట్టైన చోట అక్షరాన్ని దాటిపోవడం గమనించదగినది.

ఇంతకన్న ముఖ్యమైనది ఆ అధ్యాయానికి ముందూ వెనుకా ఉన్న కథను మరవడం. అదే సంఖ్యాకాండం 27వ అధ్యాయంలో సెలోఫెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో తమ వాటా అడుగుతారు. వారి మాట న్యాయమేనని దేవుడే అంగీకరించగా చట్టం మారుతుంది. 36వ అధ్యాయంలో వారి పెండ్లి ప్రస్తావన వస్తుంది. తండ్రి గోత్రం దాటకూడదన్న ఒక్క షరతుతో తమకు ఇష్టమైనవారిని పెండ్లాడవచ్చునని అనుమతి లభిస్తుంది. ఆ షరతు చిన్నదేమీ కాదు. భూమి చేయి మారకూడదన్న గోత్ర ప్రయోజనం దాని వెనుక ఉంది. అయినా గోత్రంలో వరుని ఎంపిక వారిదే. మాట చెల్లని కుమార్తె 30వ అధ్యాయంలో ఉంటే, మాటతో చట్టాన్నే మార్చిన కుమార్తెలు ఆమెకు అటూ ఇటూ ఉన్నారు. సంకలనకర్త ఒకే గ్రంథంలో ఉంచిన ఈ రెండు గొంతుల్లో ఉద్యమం ఒక్కదానినే విన్నది.

ఇతర కథనాల్లోనూ ఇటువంటి సంక్లిష్టత ఉంది. ఆదికాండం 24లో రిబ్కా వివాహ సంభాషణలో తండ్రి బెతూయేలు కన్న అన్న లాబాను, తల్లి ముందుంటారు. ప్రయాణానికి ముందు రిబ్కానే పిలిచి అడుగుతారు. రూతు కథలో తండ్రి ప్రస్తావన నామమాత్రం. అత్త నయోమి సలహాతో రూతు తానే బోయజు కళ్ళానికి వెళుతుంది. ఈ కథలు నేటి స్త్రీ స్వేచ్ఛకు ప్రమాణపత్రాలని చెప్పడం అతిశయోక్తి. కాని బైబిలులో ఒకే ఒక వివాహ విధానం ఉన్నదన్న వాదాన్ని అవి నిలువనీయవు.

4. హృదయం, గొడుగు: రూపకాల రాజకీయం

చట్టం ఒక్కటే విధేయతను పుట్టించలేదు. దానిని కోరికగా మార్చడానికి రూపకం కావాలి. జాషువా హారిస్ ‘ఐ కిస్డ్ డేటింగ్ గుడ్‌బై’ (1997) సాధించినది అదే. గృహవిద్యా ఉద్యమ ప్రముఖుని కుమారుడైన హారిస్ ఇరవైల తొలి సంవత్సరాల్లో, అవివాహితుడిగా ఉన్నప్పుడు రాసిన ఈ పుస్తకం పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. దాని ప్రారంభంలో ఒక కల ఉంది. వివాహవేదికపై వరుడు ప్రమాణం చేస్తుండగా సభ నుంచి ఒక్కొక్క యువతి లేచి వచ్చి అతని పక్కన నిలుస్తుంది. ప్రతి ఒక్కరికీ తన హృదయంలో కొంత ఇచ్చివేశానని అతడు వధువుకు చెప్పుకొంటాడు.

ఈ కలలో రెండు విషయాలు పరిశీలించదగినవి. మొదటిది, హృదయం ఇక్కడ ఖర్చయ్యే ఆస్తి. పంచినకొద్దీ తరిగిపోతుంది, కాపాడితే నిలువ ఉంటుంది. ప్రేమ ఆర్జించేది కాక కరిగిపోయే మూలధనమైనప్పుడు దానికి కాపలాదారు అవసరమవుతాడు. రెండవది, కలలో ముక్కలైన హృదయం పురుషునిది, కలగన్నది వధువు. అంటే గతానికి జవాబు చెప్పవలసినవాడు అతడు. కాని ఈ రూపకం కుటుంబాల్లోకి, విందుల్లోకి, ప్రతిజ్ఞల్లోకి వెళ్ళేసరికి కాపలా భారం కుమార్తెపై పడింది. కొలరాడో విందులో కుమారుల పవిత్రతకు సంతకం చేసే తల్లులు లేరు.

అన్నా సోఫియా బాట్కిన్, ఎలిజబెత్ బాట్కిన్ అనే అక్కచెల్లెళ్ళు రాసిన ‘సో మచ్ మోర్’ (2005) ఈ రూపకాన్ని మరో మెట్టు ఎక్కించింది. విజన్ ఫోరమ్ ప్రచురించిన ఈ పుస్తకంలో యువతులే తోటి యువతులకు బోధిస్తారు. కుమార్తె పెండ్లి వరకు తండ్రి ఇంట ఉండి ఆయన ఆశయానికి తోడ్పడాలని, తన హృదయాన్ని ఆయనకు అప్పగించాలని వారి ఉపదేశం. 2007లో వారే ‘ద రిటర్న్ ఆఫ్ ద డాటర్స్’ అనే చిత్రాన్ని కూడా రూపొందించారు. హృదయం అప్పగించడమన్న భావానికి ఈ వర్గాల్లో సామెతల గ్రంథం 23వ అధ్యాయం ఆధారంగా వినిపిస్తుంది. అక్కడి సంబోధన కుమారునికి. కుమారునికి చెప్పినది కుమార్తెకు అన్వయించి, కుమారుని మాత్రం త్వరగా స్వతంత్రుని చేసిన అన్వయం ఇది.

‘సో మచ్ మోర్’ను కేవలం ప్రచార పుస్తకంగా కొట్టివేయడం తేలిక. కాని దాని ఆకర్షణను గుర్తించకపోతే ఉద్యమ బలం అర్థం కాదు. యౌవనంలో ఉన్న స్త్రీని వినియోగ వస్తువుగా చూసే మార్కెట్ సంస్కృతిపై అందులోని కోపం నిజమైనది. తండ్రితో ఆత్మీయ సంబంధం కావాలన్న ఆకాంక్ష కూడా నిజమైనదే. ఇంటి పనికి చరిత్రలో పాత్ర ఉన్నదని చెప్పడం యువ పాఠకురాలికి గౌరవాన్నిచ్చింది. చిక్కు మరోచోట ఉంది. పుస్తకం రాసి, చిత్రం తీసి, వేలమందికి మార్గం చెప్పగల సమర్థులైన ఇద్దరు యువతులు, యువతి తన మార్గాన్ని తాను నిర్ణయించుకోరాదని చెప్పడానికి ఆ సామర్థ్యాన్ని వినియోగించారు. వారి పుస్తకపు అస్తిత్వమే వారి వాదానికి ఖండన. అది నిలిచిందంటే, అక్కడా ఒక తండ్రి విని ఊరకున్నాడనే ఆ వ్యవస్థ వివరణ.

గొడుగు రూపకం కూడా ఇటువంటిదే. గొడుగు వానను ఆపుతుంది. కింద ఉన్నవారు పక్కకు అడుగు వేస్తే తడుస్తారు. కాబట్టి జరిగిన కీడుకు కారణం వాన కాదు, గొడుగూ కాదు, అడుగు వేసినవారే అవుతారు. గొడుగు పట్టినవాని వల్లనే కీడు కలిగితే ఈ రూపకంలో దానికి మాట లేదు. 2013లో డగ్ ఫిలిప్స్ ఒక స్త్రీతో అనుచిత సంబంధాన్ని అంగీకరించి పదవి విడవగా, కొద్ది రోజుల్లోనే విజన్ ఫోరమ్ మినిస్ట్రీస్ మూతపడింది. 2014లో అనేకమంది స్త్రీల ఆరోపణల నేపథ్యంలో గోథార్డ్ రాజీనామా చేశాడు. తన ప్రవర్తనలో కొంత తప్పని ఒప్పుకొన్నా, లైంగిక ఉద్దేశం లేదన్నాడు. ఈ ఘటనలను వ్యక్తుల పతనంగా మాత్రమే చూడడం చాలదు. రక్షకునిపై ఫిర్యాదు చేసే భాషను కుమార్తెలకు ఇవ్వని రూపకం ఎంత ప్రమాదకరమో అవి చూపాయి.

5. కుమార్తెల ప్రతిరచన

హిలరీ మెక్‌ఫార్లండ్ ‘క్వివరింగ్ డాటర్స్’ (2010) ఈ నేపథ్యంలో తొలి ముఖ్యమైన ప్రతిరచనల్లో ఒకటి. బాణాల పొదికి, వణుకుకు ఇంగ్లీషులో ఒకే ధ్వని ఉండడాన్ని శీర్షిక ఆసరా చేసుకొంది. సంతానాన్ని బాణాలతో పోల్చిన కీర్తన నుంచి ఉద్యమం తీసుకొన్న గర్వసూచకమైన పదం ఇక్కడ బెదిరిన కుమార్తె వణుకుగా మారింది. ఉద్యమం మాటనే తీసుకొని అర్థం మార్చడం ఈ ప్రతిరచనల ప్రధాన వ్యూహం.

2023లో వెలువడిన రెండు ఆత్మకథనాలు ఈ వ్యూహాన్ని భిన్నంగా నడిపాయి. ఆర్కన్సాకు చెందిన డగ్గర్ కుటుంబం 2008 నుంచి 2015 వరకు టీఎల్‌సీ ఛానెల్ ధారావాహిక ద్వారా కోర్ట్‌షిప్‌ను దేశమంతటికీ దృశ్యంగా అందించింది. పెద్దల తోడుతో కలుసుకోవడం, పక్కనుంచి మాత్రమే ఆలింగనం, తొలి ముద్దు వివాహవేదికపైనే వంటి నియమాలు వినోదమైనాయి. ఆ కుటుంబపు కుమార్తె జింజర్ వువోలో రాసిన ‘బికమింగ్ ఫ్రీ ఇన్‌డీడ్’ గోథార్డ్ బోధను నేరుగా విమర్శించింది. విశ్వాసాన్ని కూల్చడం కాక, చిక్కుపడిన నూలును విడదీసినట్లు సత్యాన్ని భయం నుంచి విడదీయడం తన పద్ధతి అని ఆమె చెబుతుంది. ఈ సంయమనం పుస్తకానికి బలం, బలహీనత కూడా. భయం ఎలా బోధించబడిందో ఆమె వివరణలో స్పష్టంగా ఉంది. ఆ బోధను ఇంట అమలు చేసినవారి బాధ్యత మాత్రం మసకగా మిగిలింది. దూరపు బోధకుడు దోషి; దగ్గరి తండ్రి అతని శ్రోత మాత్రమే.

ఆమె అక్క జిల్ డగ్గర్ భర్త డెరిక్ డిలార్డ్‌తో కలిసి రాసిన ‘కౌంటింగ్ ద కాస్ట్’ ఆ దూరాన్ని తగ్గించింది. పెండ్లికి ముందురోజు, పూర్తిగా చదివే అవకాశం లేకుండానే, టీవీ కార్యక్రమానికి సంబంధించిన ఒప్పందంపై తాను సంతకం చేశానని ఆమె కథనం. ఈ ఒక్క ఘట్టం ఉద్యమ స్వరూపాన్ని అనేక సిద్ధాంత వ్యాసాలకన్న స్పష్టంగా చూపుతుంది. తండ్రి కాదంటే కుమార్తె మాట చెల్లని వ్యవస్థలో, తండ్రి అడిగితే ఆమె సంతకం చెల్లింది. ఆమె స్వరానికి లేని విలువ ఆమె సంతకానికి ఉంది. అంటే వ్యవస్థకు ఆమె వాక్కు అవసరం లేకపోలేదు. తనకు అనుకూలమైన చోట మాత్రమే అది చెల్లుబాటు కావాలి.

ఈ రచనలను విజయగాథలుగా చదివి ఊరకోవడం విమర్శకు తగదు. రెండు ఆత్మకథనాలూ వివాహం తరువాత రాసినవే. జిల్ పుస్తకంపై భర్త పేరు కూడా ఉంది. భర్తలు ఇక్కడ అణచివేసేవారు కారు, తోడుగా నిలిచినవారే. అయినా సంఖ్యాకాండం 30లోని క్రమం ఒక మేరకు ఇక్కడా నీడలా కనిపిస్తుంది. తండ్రి ఇంటి నుంచి భర్త ఇంటికి వచ్చాకనే కుమార్తె మాట అచ్చులో నిలిచింది. ఆ ఇంట్లోనే ఉండి, ముప్పయ్యేళ్ళు దాటి, ఎవరూ అడగని సంబంధం కోసం ఎదురుచూస్తున్న అవివాహిత ఈ రెండు పుస్తకాల అంచుల్లోనే మిగిలింది. చట్టం పేర్కొన్న నాలుగు స్థితుల్లో ఆమెకు చోటు లేదు. ఆత్మకథన మార్కెట్లోనూ ఆమెకు చోటు తక్కువ.

ఈ వరుసలో హారిస్ ఉపసంహరణను కూడా చేర్చాలి. పాఠకుల బాధను విన్న తరువాత 2018లో ఆయన తన పుస్తకంతో విభేదించి ప్రచురణ నిలిపివేయించాడు. 2019లో తాను క్రైస్తవుడిని కానని ప్రకటించాడు. తన మాటను తానే రద్దు చేసుకొనే స్వేచ్ఛ రచయితకు లభించింది. ఆ మాట నమ్మి యౌవనాన్ని నడుపుకొన్న పాఠకురాలికి గడిచిన కాలాన్ని రద్దు చేసుకొనే వీలు లేదు. విన్న దినమున కాదనవలసిన మాటను ఇరవై ఏళ్ళకు కాదన్నందువల్ల మిగిలిన లోటు అది.

6. తెలుగు సందర్భం: చట్టం, అనువాదం

అమెరికన్ ఉద్యమాన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలపై నేరుగా అతికించడం సరికాదని పైన చెప్పబడింది. అయినా రెండు నిజమైన లంకెలు ఉన్నాయి.

మొదటిది చట్టం. తెలుగు క్రైస్తవులకు వర్తించే భారతీయ క్రైస్తవ వివాహ చట్టం 1872, 21 ఏళ్ళు నిండనివారిని మైనర్లుగా నిర్వచిస్తూ విధవలను, భార్య మరణించినవారిని మినహాయించింది. మైనరు వివాహానికి సమ్మతి ఇవ్వవలసినది తండ్రి. ఆయన లేకుంటే సంరక్షకుడు. అటువంటివారూ లేకుంటేనే తల్లి. ఈ నియమం కుమారునికీ కుమార్తెకూ ఒకే విధంగా వర్తిస్తుంది. కాబట్టి దానిని కుమార్తెపై నియంత్రణగా మాత్రమే చూడరాదు. కాని విధవకు మినహాయింపు, తల్లి మూడవ స్థానం అన్నవి పాత నిబంధన చట్టపు తర్కానికి దగ్గరగా ఉన్నాయి. ఇక్కడ కూడా పెండ్లి బంధాన్ని కోల్పోయిన స్త్రీయే వయసుతో నిమిత్తం లేకుండా తన సమ్మతికి తానే కర్త.

రెండవది అనువాదం. 1 కొరింథీయులకు 7వ అధ్యాయం 36 నుంచి 38 వచనాల్లోని గ్రీకు మాటకు ‘కన్య’ అని మాత్రమే అర్థం. ఆ కన్య ఎవరికి ఏమవుతుందన్నది అస్పష్టం. ఆమె ఒకని కుమార్తె అని కొందరు, అతనికి ప్రధానం చేయబడిన వధువు అని మరికొందరు వ్యాఖ్యానించారు. ఆధునిక ఇంగ్లీషు అనువాదాల్లో కొన్ని రెండవ అర్థాన్ని స్వీకరించాయి. తెలుగు సంఘాల్లో తరతరాలుగా చదువుతున్న పాత అనువాదం ‘కుమార్తె’ అన్న మాటను ఎంచుకొంది. ఈ ఎంపికతో వచనంలోని నిర్ణయకర్త వరుడు కాక తండ్రి అయినాడు. అట్లే నిర్గమకాండం 22లోని వధువు వెలకు అదే అనువాదం ‘ఓలి’ అన్న దేశిపదాన్ని వాడింది. పరాయి చట్టం అలా మన పల్లె పెండ్లి లావాదేవీల భాషలోకి దిగింది. అనువాదకులు దురుద్దేశంతో చేశారని అనడానికి వీలులేదు. తమ కాలపు పాఠకునికి తెలిసిన కుటుంబాన్ని వారు మూలంలో చూశారు. కాని విశ్వాసి ఆ ఎంపికను ఎంపికగా కాక మూలంగానే వింటాడు. తెలుగు బైబిలు అనువాద చరిత్రను స్త్రీ దృక్కోణం నుంచి పరిశీలించవలసిన అవసరాన్ని ఈ ఒక్క మాట సూచిస్తుంది.

7. ముగింపు

కోర్ట్‌షిప్ రచనల్లో తండ్రి ప్రేమ అబద్ధమని ఈ పరిశీలన చెప్పదు. కుమార్తె మోసపోకూడదన్న ఆందోళన, విడాకుల వల్ల, నిలకడలేని సంబంధాల వల్ల కలిగిన భయం ఆ తండ్రుల్లో నిజంగానే ఉన్నాయి. ఆ విధానంలో కుదిరి సుఖంగా సాగిన దాంపత్యాలూ ఉండవచ్చు. ఒక విధానంలో మంచి పెండ్లిళ్ళు జరగడం, ఆ విధానం న్యాయమైనదని చెప్పడం మాత్రం ఒకటి కావు.

అసలు పరీక్ష కుమార్తె ‘అవును’ అన్నప్పుడు కాక ‘కాదు’ అన్నప్పుడు వస్తుంది. తండ్రి మెచ్చిన వరుని ఆమె నిరాకరిస్తే ఆ నిరాకరణ తనంతట తానుగా నిలుస్తుందా? తండ్రి నిరాకరించినవానిని ఆమె కోరితే, ఆ కోరికను కనీసం మాటగా గుర్తిస్తారా? ఈ ప్రశ్నలకు సమర్థన రచనలు ఆదర్శ తండ్రిని చూపి జవాబు దాటవేస్తాయి. మంచి తండ్రి బలవంతం చేయడని అంటాయి. కుమార్తె మాట తండ్రి మంచితనంపై ఆధారపడినంతకాలం దానికి చెల్లుబాటు లేదు. దయ మాత్రమే ఉంది.

సెలోఫెహాదు కుమార్తెలు అయిదుగురినీ సంఖ్యాకాండం పేరుపేరునా పేర్కొంది: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి మరణించాక గాని వారి మాట వినబడలేదన్నది ఆ కథలోని విషాదం. తండ్రి జీవించి ఉండగానే, ఆయన మౌనంతో పని లేకుండానే, అవివాహిత అయిన కుమార్తె మాట నిలవగలదా అన్నది కోర్ట్‌షిప్ రచనలు మూసివేసిన ప్రశ్న. 2010 తరువాతి ప్రతిరచనలు ఆ తలుపును సగమే తెరిచాయి. మిగిలిన సగం ఇంకా రాయని పుస్తకాల్లో ఉంది.